బేస్ గిటార్ వాయించేవాళ్ల సంచిలో ఏముంటుంది?

ఇంట్లో ఎవరి ఫోనులోనైనా మీకు బాగా తెలిసిన సినిమా పాట ఒకటి పెట్టి వినండి. తర్వాత అదే పాటను మంచి హెడ్‌ఫోన్‌లో వినండి. రెండోసారి పాట కింద ఎవరో బరువుగా నడుస్తున్నట్టు ఒక లావుపాటి నాదం అదనంగా వినిపిస్తుంది. ఆ అడుగులు డ్రమ్స్‌తో కలిసి పడతాయి, కానీ వాటికి స్వరం కూడా ఉంటుంది. అదే బేస్ గిటార్. ఫోను స్పీకరు గోరంత ఉంటుంది కాబట్టి అంత కింది స్థాయి నాదాన్ని సరిగా పుట్టించలేదు. మనం ఏళ్ల తరబడి ఫోనులో పాటలు వింటూ, పాటలో సగం పని చేసేవాణ్ణి వినకుండానే గడిపేస్తున్నాం.

పదో తరగతి విద్యార్థి ఒకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు: "బేస్ నేర్చుకుంటే ఏం లాభం సార్? స్టేజీ మీద ఎవరూ వాళ్లను చూడరు కదా!" ఆ ప్రశ్నకు జవాబుగానే ఇదంతా రాస్తున్నాను. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణే అయినా, ఉగాదికీ సంక్రాంతికీ మన తెలుగువాళ్లు కూడే చోట్ల మిత్రబృందంతో బేస్ వాయిస్తుంటాను. డబ్బు తీసుకోను. పులిహోర పెడితే కాదనను.

ముందు వాద్యం సంగతి. బేస్‌కు సాధారణంగా నాలుగు తీగలుంటాయి: ఈ, ఏ, డీ, జీ. అన్నిటికన్నా లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్‌లోని లావు తీగ సుమారు 82 సార్లు కంపిస్తుంది. అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి కింద ఉందన్నమాట. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు అనుకుని భాగిస్తే, ఆ నాదపు అల పొడవు 8 మీటర్లు దాటుతుంది. దాదాపు మన తరగతి గది పొడవంత! అందుకే హాలులో ఒక మూల కూర్చున్నవాళ్లకు బేస్ గుండెల మీద కొట్టినట్టు ఉంటే, నాలుగు అడుగులు అవతల కూర్చున్నవాళ్లకు అసలు లేనట్టే ఉంటుంది. గోడలకు తగిలి వెనక్కి వచ్చిన అలలు కొన్నిచోట్ల ఒకదానికొకటి తోడవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. భౌతికశాస్త్రం మాస్టారిని అడగండి, ఇంకా బాగా చెబుతారు.

తీగ పొడవు చాలా బేస్‌లలో 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్ల పైన. వీణకు ఉన్నట్టే దీనికీ మెట్లుంటాయి. పన్నెండో మెట్టు సరిగ్గా సగం దూరంలో, 43 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ నొక్కితే కంపనాలు రెట్టింపై పై స్థాయి వస్తుంది. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి, ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. పరీక్షల కోసం బట్టీపట్టే ఫారడే సూత్రమే ఇది.

ఈ వాద్యం వయసు పెద్దగా లేదు. అంతకుముందు కింది స్వరాల పని డబుల్ బేస్ చేసేది. మనిషికన్నా ఎత్తైన వాద్యం అది, నిలబడి వాయించాలి. పాత రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటలకూ అదే ఉండేది. 1930ల్లోనే అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ కరెంటు బేస్ తయారు చేశాడు గానీ అది అంతగా పాకలేదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో కథ మారింది. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. మెట్లు లేని డబుల్ బేస్‌పై స్వరస్థానాన్ని చెవితో వెతుక్కోవాలి, దీనిపై మెట్టు నొక్కితే చాలు. పైగా భుజాన వేసుకుని ఊరూరా తిరగొచ్చు. బృందాలకు కావలసిందీ అదే.

ఇప్పుడు అసలు కిటుకు. మీ వేలు లావు తీగపై మూడో మెట్టు మీద ఉందనుకోండి. దాన్ని 'స' అనుకుందాం. పక్క తీగపై అదే మెట్టు దగ్గర 'మ' ఉంటుంది. అదే పక్క తీగపై రెండు మెట్లు ముందుకు వెళితే 'ప'. ఇంకో తీగ దాటి ఆ మెట్టు దగ్గరే పై స్థాయి 'స'. ఈ ఆకారాన్ని వేళ్లకు అలవాటు చేసుకుంటే చాలా పాటలకు పునాది దొరికినట్టే. పాడేవాళ్లు స్టేజీ ఎక్కాక "గొంతు బాగాలేదు, రెండు మెట్లు దించండి" అంటారు. తరచుగా అనేమాటే ఇది. చేయి మొత్తాన్ని రెండు మెట్లు వెనక్కి జరపండి, ఆకారం అలాగే ఉంటుంది. మెట్టు నొక్కకుండా మీటే స్వరాలున్న పాటలకు మాత్రం కొంచెం తడబాటు తప్పదు, వాటిని ముందే రెండు శ్రుతుల్లో సాధన చేసి పెట్టుకోవాలి.

ఇతరుల పాటలు వాయించే బృందాలను ఇంగ్లీషువాళ్లు కవర్ బ్యాండ్ అంటారు. మన ఊళ్లలో ఆర్కెస్ట్రా అంటాం. పెళ్లి, వినాయక చవితి పందిరి, ఆఫీసు వార్షికోత్సవం, ఎక్కడైనా అదే పని. దాన్ని చిన్నచూపు చూడొద్దు. బీటిల్స్ బృందం 1960 నుంచి 1962 దాకా జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి ఎక్కువగా ఇతరుల పాటలే వాయించింది. వాళ్ల బేసిస్టు స్టూవర్ట్ సట్‌క్లిఫ్ 1961లో బృందం వదిలేస్తే ఆ పని పాల్ మెకార్ట్‌నీ మీద పడింది. మన దగ్గరకొస్తే, ఇళయరాజా కూడా సినిమాల్లోకి రాకముందు అన్న నడిపే పావలర్ బ్రదర్స్ బృందంతో ఊరూరా తిరిగినవారే.

మన ఫరీదాబాద్‌లో, ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు బృందానికి పని ఎలా ఉంటుందో చెబుతాను. ఇక్కడ తెలుగు కుటుంబాల్లో చాలామందిని ఉద్యోగమే తీసుకొచ్చింది. ఎన్‌హెచ్‌పీసీ, ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం, కేంద్ర భూగర్భ జల మండలి, వైమానిక దళం... మీ అమ్మానాన్నల ఆఫీసుల పేర్లే ఇవి. ఒక సాయంత్రం హాలులో తాతగారికి ఘంటసాల కావాలి, నాన్నకు ఇళయరాజా కావాలి, మీకు నిన్న మొన్న వచ్చిన పాట కావాలి. 2023లో ఆస్కార్ వచ్చాక 'నాటు నాటు' లేకుండా ఏ కార్యక్రమమూ ముగియడం లేదు. పక్కింటి పంజాబీవాళ్లు వస్తే వాళ్లకో భాంగ్రా. ఇన్ని రకాల పాటలు ఒకే సాయంత్రంలో, ఒకే బేస్ మీద పలకాలి.

వీటిలో ఇళయరాజా పాటలే కఠినమైన పరీక్ష. చాలా పాటల్లో బేస్ 'స', 'ప' మీద కూర్చుంటే సరిపోతుంది. ఆయన పాటల్లో సరిపోదు. అన్ని వాద్యాల స్వరాలనూ ఆయనే కాగితం మీద రాసి ఇస్తారు. బేస్‌కు ఇచ్చే వరస ఒక్కోసారి గాయకుడి వరసకు ఎదురుగా నడిచే రెండో పాటలా ఉంటుంది. ఆయన బృందంలో ఏళ్ల తరబడి ఆ వరసలు వాయించిన వ్యక్తి శశిధరన్. 1989 నాటి 'గీతాంజలి' పాటలను హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని, గొంతును పట్టించుకోకుండా కింది వరసను మాత్రమే వెంబడించి చూడండి. నా మటుకు నాకు ఒక్కో పాటకు నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. ఎ. ఆర్. రెహమాన్ పాటలు వాయించాలంటే కీత్ పీటర్స్‌ను వినాలి. రెహమాన్ కచేరీల్లో బేస్ వాయించిన మోహినీ డేను కూడా చూడండి. స్టేజీ మీద బేస్‌ను ఎవరూ చూడరనే మాట అక్కడితో ఆగిపోతుంది.

విని నేర్చుకోవడానికి నా పద్ధతి ఇది. ముందు వాద్యం ముట్టుకోకుండా బేస్ వరసను నోటితో పాడతాను. పాడలేనిది వాయించలేం. తర్వాత పాట వేగాన్ని ముప్పావుకు తగ్గించి వింటాను. శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఉన్నాయి. పల్లవి ఎన్ని ఆవర్తాలు, మధ్య సంగీతం ఎన్ని, చరణం ఎన్ని అని ఒక చిన్న కాగితం మీద రాసుకుంటాను. స్టేజీ మీద జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం తప్పు స్వరం వల్ల రావు, చరణం ఎక్కడ మొదలవుతుందో మరచిపోవడం వల్ల వస్తాయి. వేదిక మీద డ్రమ్స్ వాయించేవాళ్ల కుడిపాదం కనిపించే చోట నిలబడండి. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, మీ తీగ ఒకేసారి పలికితే జనం కాళ్లు వాటంతట అవే కదులుతాయి. వెంట్రుకవాసి తేడా వస్తే ఏదో తేడాగా ఉందనుకుంటారు, ఏమిటో మాత్రం చెప్పలేరు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. చాలా ఆర్కెస్ట్రాలు బేసిస్టును మానేశాయి. కీబోర్డు వాయించేవాళ్లు ఎడమచేత్తో బేస్ స్వరాలు నొక్కేస్తారు. లయకు ఆక్టోప్యాడ్ ఉంటుంది. ఒక మనిషి వాటా మిగులుతుంది, కారులో ఒక సీటు మిగులుతుంది. వినేవాళ్లలో చాలామంది గమనించరు. కాబట్టి బేసిస్టు తన చోటు సంపాదించుకోవాలి. పాటలు వచ్చి ఉండాలి, చెప్పిన సమయానికి అరగంట ముందు ఉండాలి, సామాను పనిచేయాలి.

కానీ దీనికి రెండో వైపు ఉంది. అది ముఖ్యంగా మీకోసం. బదిలీల మీద నేను చాలా ఊళ్లు చూశాను. ఏ ఊళ్లో చూసినా గిటార్ నేర్చుకునే పిల్లలు డజను మంది, పాడేవాళ్లు రెండు డజన్లు ఉంటారు. బేస్ వాయించేవాళ్లు మాత్రం ఒక్కరు కూడా దొరకరు. ఏడాది మధ్యలో కొత్త బడిలో చేరినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు. జట్లు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి, టిఫిన్ దగ్గర ఎవరి గుంపు వాళ్లది. అప్పుడు "నాకు బేస్ వచ్చు" అని ఒక్కమాట అంటే వార్షికోత్సవానికి పాట కడుతున్న గుంపు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. వాళ్లకు ఐదో గిటార్ అక్కర్లేదు, బేస్ కావాలి. స-మ-ప ఆకారానికి భాష లేదు కాబట్టి తమిళ పాటైనా, అస్సామీ పాటైనా మీ చేయి వెళ్లిపోతుంది. నన్ను అడిగిన విద్యార్థికి నేను చెప్పిన లాభం ఇదే.

ఇక సంచి. నా సంచిలో ఉండేవి: బేస్, పట్టీ, తలకు తగిలించే చిన్న ట్యూనర్, కేబుళ్లు రెండు, నెక్ సరిచేసే అలెన్ తాళం, బట్టల టేపు, చిన్న టార్చి, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు. కేబుళ్లు రెండెందుకంటే, కచేరీ మధ్యలో మొరాయించేది ఎక్కువగా కేబులే. బ్యాటరీ ఎందుకంటే, కొన్ని బేస్‌లలో లోపల చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. వాయించడం ఆపాక కేబుల్ పీకకపోతే బ్యాటరీ అనవసరంగా ఖర్చవుతూనే ఉంటుంది. తీగలను మాత్రం నేను తొందరపడి మార్చను. మోటౌన్ రికార్డులకు బేస్ వాయించిన మహానుభావుడు జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆయన వాయించిన పాటలు 1960ల్లో లోకమంతా విన్నా రికార్డు అట్టల మీద ఆయన పేరు ఉండేది కాదు. 1971లో మార్విన్ గే రికార్డు మీద మొదటిసారి గౌరవంగా అచ్చయింది.

చెవి ప్లగ్గులను నవ్వులాటగా తీసుకోకండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని వైద్యరంగంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. డ్రమ్స్ పక్కన నిలబడేవాళ్లకు ఆ పావుగంట రెండు పాటల్లోనే అయిపోతుంది.

ఆంప్ కొనేటప్పుడు దుకాణంలో ఒక సందేహం వస్తుంది: గిటార్‌కు 30 వాట్లు చాలు అంటారు, బేస్‌కు అన్ని వందల వాట్లు ఎందుకు? మన చెవికి కింది స్వరాలు తక్కువగా వినిపిస్తాయి. అంతే గట్టిగా వినిపించాలంటే చాలా ఎక్కువ గాలిని కదిలించాలి, దానికి ఎక్కువ శక్తి, పెద్ద స్పీకరు కావాలి. ఇంట్లో సాధనకు 15 నుంచి 30 వాట్ల చిన్న ఆంప్ చాలు. పొరుగువాళ్లతో గొడవ వద్దనుకుంటే హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నది చూడండి. హాలులో వాయించడానికి పెద్ద ఆంప్ కొనక్కర్లేదు. డీఐ పెట్టె అనే అరచేతంత వస్తువు ఉంటుంది. బేస్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని అది పొడవాటి తీగలో గరగర లేకుండా వెళ్లేలా మార్చి సౌండువాళ్ల మిక్సర్‌కు పంపుతుంది. చాలాసార్లు అది సౌండువాళ్ల దగ్గరే ఉంటుంది. అంటే భుజాన బేస్ సంచి ఒక్కటి వేసుకుని మెట్రో ఎక్కేయొచ్చు. మనకు వయొలెట్ లైన్ ఒక వరం. ఫరీదాబాద్‌లో ఎక్కితే మారకుండా జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్టేషన్‌లో దిగి, లోదీ రోడ్ వైపు ఉన్న ఆంధ్ర అసోసియేషన్‌కు వెళ్లొచ్చు. అదే రైల్లో ఢిల్లీ గేట్ దాకా పోతే దర్యాగంజ్‌లో వాద్యాల దుకాణాలు. కొనకపోయినా ఒకసారి వెళ్లి చేతిలో పట్టుకుని చూడండి. నాలుగు కిలోల బరువు భుజం మీద ఎలా ఉంటుందో ఫోటోలో తెలియదు.

కరెంటు విషయంలో మాత్రం కఠినంగా ఉంటాను. షామియానా కింద, జనరేటర్ మీద నడిచే స్టేజీలో ఎర్తింగ్ సరిగా ఉండకపోవచ్చు. చేతిలో తీగలు ఒక ఎర్తింగ్‌కు, నోటి ముందు మైకు ఇంకో ఎర్తింగ్‌కు కలిసి ఉంటే, మైకుకు పెదవి తగిలిన క్షణంలో మీ ఒళ్లే తీగ అవుతుంది. ప్రాణాలు పోయే ప్రమాదం ఇది. స్టేజీ ఎక్కగానే మైకును నోటితో ముట్టుకోవద్దు. సౌండువాళ్లను టెస్టర్ పెట్టి చూడమనండి, కింద తడి లేకుండా చూసుకోండి, ప్లగ్గులోని లావు పిన్ను ఎవరైనా తీసేసి ఉంటే ఆ బోర్డు వాడకండి. స్పీకర్లలో గుయ్యిమనే రొద కూడా తరచు ఎర్తింగ్ తేడా వల్లే వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లావు తీగ మూడో మెట్టు మీది స్వరం 49. అందుకే ఆ రొద ఎవరో పక్కన కూర్చుని శ్రుతి తప్పిన బేస్ వాయిస్తున్నట్టు ఉంటుంది!

చట్టం సంగతి రెండు మాటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కాబట్టి పాటల జాబితాలో అందరూ అడిగే పాటను చివరకు దాచుకుంటే 9:55కి చిక్కుల్లో పడతారు. ఇంకొకటి, పాట రాసినవాళ్లకు, స్వరపరచినవాళ్లకు దాని మీద హక్కు ఉంటుంది. టికెట్ పెట్టిన కచేరీకో, హోటల్లో వాయించడానికో అనుమతి తీసుకుని రుసుము కట్టాలి. అది సాధారణంగా నిర్వాహకుల పని. పెళ్లి వేడుకలకు, విద్యార్థులూ సిబ్బందీ తల్లిదండ్రులూ మాత్రమే ఉండే బడి కార్యక్రమాలకు 1957 నాటి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. మన వార్షికోత్సవం ఆ కోవలోకే వస్తుంది, నిశ్చింతగా వాయించుకోండి.

చివరగా, బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు బేస్‌ను ఏం చేయాలి? లారీలో మంచాలూ బీరువాల మధ్య వేయకండి. మే నెలలో మూసిన లారీ లోపలి వేడికి జిగురు మెత్తబడి అతుకులు వదులవుతాయి. ఎండలో ఆపిన కారు కూడా అంతే. మీతోపాటు రైల్లో తీసుకెళ్లండి. సుమారు 117 సెంటీమీటర్ల పొడవు కింది బెర్తు కింద పడుతుంది. తీగలను రెండు మూడు మెట్లంత సడలించండి, పూర్తిగా వదిలేయకండి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 75 కిలోల బలంతో ముందుకు లాగుతుంటాయి. నెక్ లోపలి ఉక్కు కడ్డీ దానికి ఎదురు లాగుతుంటుంది. ఒకవైపు పూర్తిగా వదిలేస్తే రెండో వైపు గెలిచి చెక్క వంగుతుంది.

విశాఖపట్నం సముద్రగాలిలో పెరిగిన బేస్ ఫరీదాబాద్ పొడి ఎండకు వస్తే చెక్క కొంచెం కుంచించుకుపోతుంది. మెట్ల లోహపు అంచులు బయటికి వచ్చి అరచేతికి గుచ్చుకుంటాయి, తీగలు మెట్లకు తగిలి బుర్రుమంటాయి. ఇక్కడి నుంచి కొచ్చి వెళితే దీనికి తలకిందులు: చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు ఎత్తుగా నిలబడి వేళ్లు నొప్పెడతాయి. రెండు సందర్భాల్లోనూ కొత్త ఇంట్లో దిగిన రోజే అలెన్ తాళం తీయకండి. కూలర్‌కు దూరంగా, బయటి గోడకు ఆనించకుండా ఒక మూల పెట్టి, రోజూ శ్రుతి చేసుకుని వాయిస్తూ ఉండండి. చెక్క కొత్త గాలికి అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. తర్వాత కూడా బుర్రుమంటే కడ్డీని పావు చుట్టు తిప్పి, ఒక రాత్రి ఆగి, మళ్లీ వాయించి చూడండి.